ఎదురు మాట్లాడిన అక్క కూడా మన సభ్యురాలే
(సమాఖ్య వార్షిక మహాసభలో చేసిన ప్రసంగం)



పొదుపు లెక్కలు, బ్యాంకు లింకేజీ, స్త్రీనిధి కిస్తీలు, ఇవన్నీ ఇంతకుముందే చదివి వినిపించారు. ఏ సంఘం ఎంత కట్టింది, ఎవరిది ఎంత బాకీ ఉంది అనేది ఈ పుస్తకంలోనే వేరే పేజీల్లో ఉంది, చూసుకోండి. మేము మాట్లాడబోయేది లెక్కల్లో కనిపించని సంగతి. 2023 నవంబరు 30న అసెంబ్లీ ఓట్లు పడ్డాయి. 2024 మే 13న పార్లమెంటు ఓట్లు పడ్డాయి. ఈ రెండు ఓట్ల మధ్య మన సంఘాల్లో కిస్తీ గురించి అయిన లొల్లి తక్కువ, పార్టీల గురించి అయిన లొల్లి ఎక్కువ. పదేళ్ళ నుంచి ఒకే చాప మీద కూర్చున్నోళ్ళు కూడా మాటలు బంద్ చేసుకున్నారు. అందుకే ఈ సంవత్సరం దీని మీద మాట్లాడాలని కార్యవర్గంలో అనుకున్నాం. "రాజకీయాలు మనకెందుకు?" అని కొందరు అన్నారు. నాలా, నల్లా, రేషన్ కార్డు, పింఛను, వీటిలో రాజకీయం లేనిది ఏదో చెప్పండి, దాని గురించే మాట్లాడుకుందాం అన్నాం. ఎవరూ చెప్పలేదు.

ముందు మన ఇంటి సంగతి. పేర్లు చెప్పం, మీలో చాలామందికి తెలిసిందే.

అసెంబ్లీ ఓట్ల ముందు మన బస్తీల్లో ఒకచోట ఒక పార్టీ వాళ్ళు మీటింగు పెట్టారు. మన సంఘాల ఆడవాళ్ళనే ముందు వరుసలో కూర్చోబెట్టారు. నాయకులు మాట్లాడినంక "ఏమన్నా అడగాల్నా?" అన్నారు. అట్ల ఎప్పుడూ అంటరు, ఎవరూ అడగరు. ఈసారి మన సభ్యురాలు ఒకామె లేచింది. 2020 అక్టోబరులో గుర్రం చెరువు తెగి హఫీజ్ బాబా నగర్ వైపు ఇళ్ళన్నీ మునిగినప్పుడు ఆమె ఇంట్లో కూడా నడుము లోతు నీళ్ళు. బియ్యం డ్రమ్ము, కుట్టు మిషను, పిల్లల పుస్తకాలు అన్నీ పోయినయి. ఇంటికి పదివేల రూపాయల వరద సాయం అన్నారు, వాళ్ళ గల్లీలో సగం ఇళ్ళకే వచ్చింది. ఆమె అడిగింది రెండే మాటలు. రానివాళ్ళ సంగతి ఏమైంది? మళ్ళీ అంత వాన పడితే నీళ్ళు రాకుండా నాలా పని ఎక్కడి దాకా వచ్చింది? తిట్టలేదు, గొంతు పెంచలేదు. అడిగి కూర్చుంది.

మర్నాడే కబురు వచ్చింది. "ఆమె లోన్ కాగితం ఇప్పుడు పైకి పంపకండి, మీ సంఘానికే ఇబ్బంది." ఎవరి దగ్గర్నుంచి వచ్చిందో ఇక్కడ చెప్పం. ఆ వారం సంఘం మీటింగులో రెండు గంటలు ఇదే చర్చ. "ఆమె ఒక్కదాని నోటికి పదిమంది పని ఆగాల్నా?" అని ఐదారుగురు అన్నారు. వాళ్ళను తప్పు పట్టేది లేదు. ఒకామె కొడుకు కుల సర్టిఫికెట్ కోసం తిరుగుతున్నాడు, ఇంకొకామె భర్త కాంట్రాక్టు పనిలో ఉన్నాడు, రెన్యువల్ కావాలి. ఆ నాయకుడి మనుషుల చీటీ లేకుండా పని కాదని వాళ్ళ భయం. ఆ భయం ఉత్తది కాదు, అనుభవం నుంచి వచ్చింది.

అప్పుడు మేము ఒకటే అడిగాం. లోన్ ఇవ్వాలంటే మనం ఏం చూస్తాం? హాజరు, పొదుపు, తీసుకున్న అప్పు వాపసు, పుస్తకంలో రాత. పంచసూత్రాలు మనకు మొదటి ట్రైనింగులోనే నేర్పారు. అందులో "ఎవరిని ప్రశ్న అడిగింది" అనేది ఎన్నో సూత్రం? ఆమె ఒక్క కిస్తీ తప్పలేదు. కాగితం పైకి పోయింది, లోన్ వచ్చింది, కుట్టు మిషను కొన్నది. కథ అక్కడికి బాగానే ఉంది.

కానీ ఆ రోజు నుంచి ఆమె మీటింగుల్లో నోరు తెరవట్లేదు. వస్తది, పైసలు కడతది, సంతకం పెడతది, చాయ్ తాగి పోతది. ఇంతకుముందు వడ్డీ లెక్కలో రూపాయి తేడా వచ్చినా పట్టుకునేది ఆమెనే. ఆమెను ఎవరూ కొట్టలేదు, కేసు పెట్టలేదు, సంఘంలోంచి తీసెయ్యలేదు. అయినా ఒక గొంతు పోయింది. ఈ నష్టం ఏ రిజిస్టర్లో రాస్తాం?

దీనికి ఇంకో వైపు కూడా ఉంది. అదే సమయంలో ఇంకో సంఘంలో ఒక చెల్లె అప్పటి ప్రభుత్వమే మళ్ళీ రావాలని గట్టిగా చెప్పేది. ఆమె కూతురి పెళ్ళికి కళ్యాణలక్ష్మి డబ్బు వచ్చింది, అత్తమ్మకు పింఛను వస్తది. ఆమె లెక్క ఆమెది. మిగతావాళ్ళు ఆమెకు ఏం పేరు పెట్టారంటే, బిర్యానీ ప్యాకెట్ అక్క. గ్రూపులో ఆమె ఏ మెసేజ్ పెట్టినా కింద బిర్యానీ బొమ్మ. నవ్వులాటే కదా అంటారు. ఆమె రెండు వారాలు మీటింగుకు రాలేదు. ప్రభుత్వాన్ని ప్రశ్నించిన ఆమెకు బెదిరింపు, మెచ్చుకున్న ఆమెకు ఎగతాళి. రెండింటికీ ఫలితం ఒకటే, ఆడమనిషి నోరు మూసుకున్నది.

మన పొదుపు సంఘాలు ఎక్కడి నుంచి వచ్చాయో కొత్త సభ్యులకు చెప్పాలి. ఇది ఎవరో ఆఫీసులో కూర్చొని కనిపెట్టిన స్కీమ్ మాత్రమే అనుకుంటారు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు నేర్చుకోవడానికి రాత్రి బడికి వచ్చిన ఆడవాళ్ళు, కూలి డబ్బంతా సారా అంగడికే పోతున్నదని మాట్లాడుకున్నారు. మాట్లాడుకున్నంక ఊరుకోలేదు, అంగడి మూయించారు. రోశమ్మ పేరు అప్పుడే రాష్ట్రమంతా తెలిసింది. ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి పాకింది. సారా వేలం పాటలు జరగకుండా ఆడవాళ్ళు అడ్డం పడ్డారు. సారా మీద సర్కారుకు కోట్ల ఆదాయం, అది పోతే ఎట్ల అని పెద్దవాళ్ళు అన్నారు. తాగి కొట్టే మగవాళ్ళు ఇంట్లో, కాంట్రాక్టర్ మనుషులు బయట. వాళ్ళ మాట సర్కారుకు ఎదురు మాట, మొగుడికి ఎదురు మాట, ఊరి పెద్దలకు ఎదురు మాట. అయినా 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా బంద్ అయింది. సారాకు పోయే డబ్బును దాచుకుందామని అదే నెల్లూరులో రోజుకు రూపాయి చొప్పున 'పొదుపు లక్ష్మి' మొదలైంది. మన చేతిలో ఉన్న ఈ పాస్‌బుక్కుకు అది పెద్దక్క లాంటిది. ఎదురు మాట్లాడినోళ్ళ కడుపున పుట్టిన సంఘాలు మనవి. అలాంటి సంఘంలో ఎదురు మాట్లాడితే లోన్ ఆపుతామంటే ఎట్ల?

మన హైదరాబాదులో ఇంకా పాత సంగతి ఒకటి ఉంది. 1921 నవంబరులో వివేకవర్ధినిలో సంఘ సంస్కరణ సభ జరిగింది. అధ్యక్షులు ధోండో కేశవ్ కర్వే. పుణెలో ఆడవాళ్ళ చదువు కోసం జీవితమంతా పెట్టిన మనిషి. సభలో వేరే భాషల్లో మాట్లాడిన వాళ్ళను విన్నారు. అల్లంపల్లి వెంకటరామారావు అనే వకీలు లేచి తెలుగులో మాట్లాడబోతే ఎగతాళి చేశారు, గోల చేసి మాట సాగనివ్వలేదు. చూడండి, సంస్కరణ కోసం వచ్చిన సభ, చదువుకున్నోళ్ళ సభ, అధ్యక్షుడు పెద్దమనిషి. అయినా వాళ్ళకు నచ్చని భాషలో ఒక మనిషి నాలుగు మాటలు మాట్లాడితే విననీయలేదు. దాంతో ఏమైంది? ఆ అవమానం పడ్డ తెలుగు వాళ్ళు కొందరు వెంటనే కలిసి ఆంధ్ర జన సంఘం పెట్టుకున్నారు. అదే పెరిగి ఆంధ్ర మహాసభ అయింది. 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి గారి అధ్యక్షతన మొదటి మహాసభ జరిగితే, దాని పక్కనే నడింపల్లి సుందరమ్మ గారి అధ్యక్షతన ఆడవాళ్ళ సభ కూడా జరిగింది. తొంభై ఏళ్ళ కిందట తెలంగాణ ఆడవాళ్ళకు సొంతంగా వేదిక ఉంది, అధ్యక్షురాలు ఉంది! మన పిల్లలకు ఈ పేరు ఎవరూ చెప్పరు, అందుకే ఇక్కడ చెప్తున్నాం. ఆ రోజుల్లో మీటింగు పెట్టాలంటే ముందుగా నిజాం సర్కారు అనుమతి తీసుకోవాలె. గస్తీ నిషాన్ 53 అనేవాళ్ళు ఆ హుకుంను. దాన్ని తీసెయ్యాలని ఆ సభలు ఏళ్ళ తరబడి అడుగుతూనే ఉన్నయి.

1921లో గోలతో సరిపెట్టారు. 1948 ఆగస్టులో ఇదే నగరంలో కత్తి దాకా పోయింది. షోయబుల్లా ఖాన్ 'ఇమ్రోజ్' అనే ఉర్దూ పత్రిక నడిపేవాడు. ముప్పై ఏళ్ళు కూడా లేవు. హైదరాబాదు భారత యూనియన్‌లో కలవాలని రాశాడు, రజాకార్లు చేసేది తప్పని రాశాడు. రాత్రి పని ముగించుకుని ఇంటికి పోతుంటే దారి కాసి చంపారు. రాసిన చేతిని నరికేశారు. మా ఆపాల ముందు ఈ మాట చెప్పడానికి కారణం ఉంది. ఆ రోజుల గురించి మాట్లాడేటప్పుడు ముస్లింలంతా ఒక వైపే ఉన్నట్టు, పాతబస్తీ అంతా ఒకటే మాట అన్నట్టు చెప్పేవాళ్ళు ఉన్నారు. షోయబుల్లా ఖాన్ సమాధానం. ఏ మతంలోనైనా, ఏ కులంలోనైనా, మన సంఘంలోనైనా అందరూ ఒకటే మాట మీద ఉండరు. ఉన్నట్టు కనిపిస్తే ఎవరో భయపడి ఊరుకున్నారని అర్థం.

దగ్గరి కాలంలో 2007 ఆగస్టు 9న సోమాజిగూడ ప్రెస్ క్లబ్బులో తస్లీమా నస్రీన్ పుస్తకం తెలుగు అనువాదం విడుదల చేస్తుంటే కొందరు ఎమ్మెల్యేలు, వాళ్ళ మనుషులు మీద పడ్డారు. చేతికి దొరికినవన్నీ విసిరారు. ఆమె రాసినవి చదివి మనసు నొచ్చుకున్న ఆపాలు మనలో ఉండొచ్చు. నొచ్చుకునే హక్కు, ఆ పుస్తకం కొనొద్దని చెప్పే హక్కు, దానికి జవాబు రాసే హక్కు, బయట నిలబడి నిరసన చెప్పే హక్కు అన్నీ ఉన్నయి. ఒక ఆడమనిషి మీదికి వస్తువులు విసిరే హక్కు ఎక్కడిది? ఇక 2022 ఆగస్టులో మునవ్వర్ ఫారూఖీ నవ్వుల షో శిల్పకళా వేదికలో పెడితే, జరగనివ్వం, తంతం అని ఇంకో వైపు ఎమ్మెల్యే బెదిరించాడు. పోలీసు బందోబస్తు మధ్య షో జరిగింది. మొదటిది తప్పు, రెండోది ఒప్పు అనేవాళ్ళు ఉంటారు. రెండోది తప్పు, మొదటిది ఒప్పు అనేవాళ్ళూ ఉంటారు. ఇద్దరినీ పక్కపక్కన కూర్చోబెట్టి అడగాలనిపిస్తది, మీలో మీకు తేడా ఏంది అని.

ఇప్పుడు అసలు చెప్పాలనుకున్న చోటికి వస్తున్నాం. ఇందిరా పార్క్ దగ్గర ధర్నాచౌక్. మనలో చాలామంది అక్కడ కూర్చున్నోళ్ళే. మన సభ్యుల్లో ఆశా వర్కర్లు ఉన్నారు, అంగన్‌వాడీ టీచర్లు, ఆయాలు ఉన్నారు, బడిలో వంట చేసేవాళ్ళు ఉన్నారు. 2015లో ఆశా వర్కర్లు మూడు నెలలకు పైగా సమ్మె చేశారు. 2023 సెప్టెంబరులో అంగన్‌వాడీల సమ్మె మొన్నటిదే. మన లాంటి వాళ్ళకు టీవీ వాళ్ళ మైకు దొరకదు, సచివాలయం గేటు తెరుచుకోదు. బస్సెక్కి పోయి, టెంటు కింద కూర్చొని, డబ్బా తెరిచి పులిహోర పంచుకుని, మన మాట మనం అరిచి చెప్పుకునే జాగా అదొక్కటే. ఎండలో గొంతు ఎండిపోతే పక్క జిల్లా ఆమె నీళ్ళ బాటిల్ ఇస్తది. అది వేరే సంగతి గానీ, అక్కడ దోస్తీ అయిన వాళ్ళు ఇప్పటికీ పండుగలకు ఫోన్ చేస్తరు.

2017లో అప్పటి ప్రభుత్వం అక్కడ ధర్నాలకు అనుమతులు ఆపేసింది. ఊరి బయట వేరే జాగాలు చూపిస్తామన్నది. కారణం కూడా చెప్పారు. ట్రాఫిక్ ఆగిపోతున్నది, మైకుల మోత, చుట్టుపక్కల కాలనీల వాళ్ళకు, పార్కులో నడిచేవాళ్ళకు ఇబ్బంది. నిజం చెప్పాలంటే ఆ ఇబ్బంది అబద్ధం కాదు. మన గల్లీలో రోజూ మైకు మోగితే, పిల్లలకు పరీక్షలుంటే మనమైనా అంటాం. ఆ కాలనీ వాళ్ళ మాట కూడా ఎదురు మాటే, దాన్నీ వినాలె. కానీ వినే పద్ధతి ఒకటుంటది. మైకు సౌండ్ తగ్గించమనొచ్చు, టైము పెట్టొచ్చు, ఇంతమందే అనొచ్చు. అసలే వద్దు, ఊరి బయటకు పొండి అంటే, అక్కడ ఎవరు వింటారు? చెట్లా, గొర్లా?

2017 మే 15న ధర్నాచౌక్ కావాలనే పార్టీల వాళ్ళు, సంఘాల వాళ్ళు ఒక వైపు, వద్దనే స్థానికులు ఇంకో వైపు అక్కడికే వచ్చారు. ఒకే రోజు, ఒకే జాగాలో, రెండు గుంపులు. కొట్లాట అయింది, కుర్చీలు లేచినయి, లాఠీలు ఆడినయి. స్థానికుల గుంపులో యూనిఫాం లేని పోలీసులు ప్లకార్డులు పట్టుకుని కూర్చున్నారని పేపర్లలో ఫొటోలతో సహా వచ్చింది. స్థానికులకు నిజంగా ఇబ్బంది ఉన్నప్పుడు, వాళ్ళ మాట వాళ్ళే చెప్పుకోగలిగినప్పుడు, ఇంకొకరిని వాళ్ళ వేషంలో ఎందుకు కూర్చోబెట్టాలె? అట్ల చేస్తే నిజంగా ఇబ్బంది పడేవాళ్ళ మాట కూడా జనం నమ్మరు. చివరికి సంగతి కోర్టుకు పోయింది. 2018లో హైకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వుతో అక్కడ మళ్ళీ టెంట్లు లేచినయి. అదే సంవత్సరం ఢిల్లీలో జంతర్ మంతర్ సంగతి సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది. అడిగింది రాజస్థాన్ కూలీలు, రైతుల సంఘం. నివాసం ఉండేవాళ్ళ ఇబ్బంది, నిరసన చెప్పేవాళ్ళ హక్కు రెండూ చూసుకుని పద్ధతులు పెట్టండి గానీ పూర్తిగా నిషేధం కుదరదని కోర్టు చెప్పింది.

2021 నవంబరు 18న ధర్నాచౌక్‌లో పెద్ద ధర్నా జరిగింది. యాసంగి వడ్లు కేంద్రం కొనాలని. కూర్చున్నది ఎవరో కాదు, ముఖ్యమంత్రి కేసీఆర్ గారే, మంత్రులందరితో, ఎమ్మెల్యేలతో. నాలుగేళ్ళ కింద ఏ జాగా వద్దన్నదో, ఆ ప్రభుత్వానికే తన గోడు చెప్పుకోవడానికి అదే జాగా కావలసి వచ్చింది. దాన్ని చూసి చాలామంది నవ్వారు. మాకైతే నవ్వు కంటే ఒక సంగతి తోచింది. ముఖ్యమంత్రికి కూడా తన కంటే పెద్ద సర్కారు ఒకటి ఉంటది. ఇయ్యాల పైన కూర్చున్నోళ్ళు రేపు కింద కూర్చోవలసి వస్తది. 2023 డిసెంబరులో ప్రభుత్వమే మారింది, ఇప్పుడు వాళ్ళు ప్రతిపక్షం. ధర్నాచౌక్ పూర్తిగా మూసి ఉంటే ఇయ్యాల వాళ్ళు ఎక్కడికి పోయేవాళ్ళు? ఇప్పుడున్న ప్రభుత్వం కూడా ఈ సంగతి యాది పెట్టుకుంటే మంచిది.

మన సమాఖ్య కూడా అంతే. రెండు సంవత్సరాలకు ఒకసారి లీడర్లు మారుతారు. ఇయ్యాల అధ్యక్షురాలి మాటకు అడ్డం పడ్డ ఆమెను "నువ్వు కూర్చో" అంటే, రేపు ఆమె అధ్యక్షురాలు అయితే మనల్ని "నువ్వు కూర్చో" అంటది.

చట్టం సంగతి కూడా రెండు ముక్కలు. రాజ్యాంగంలో 19వ అధికరణం మాట్లాడే హక్కు, ఆయుధాలు లేకుండా శాంతిగా గుమికూడే హక్కు ఇచ్చింది. దానికి హద్దులు కూడా అందులోనే రాసి ఉన్నయి. ఒకరిని కొట్టమని ఉసిగొల్పడం, పరువు తీయడం, శాంతి చెడగొట్టడం లాంటివి కుదరవు. వాట్సాప్ గురించి భయపడే చెల్లెళ్ళు చాలామంది ఉన్నారు. 2012లో మహారాష్ట్రలోని పాల్ఘర్‌లో ఒక పెద్ద నాయకుడు చనిపోతే బంద్ ఎందుకని ఒక అమ్మాయి ఫేస్‌బుక్‌లో అడిగింది, ఇంకో అమ్మాయి దాన్ని లైక్ చేసింది. ఇద్దరినీ అరెస్టు చేశారు. లైక్ కొట్టినందుకు! అలాంటి అరెస్టులకు దారి ఇచ్చిన 66ఏ సెక్షన్‌ను 2015 మార్చి 24న సుప్రీంకోర్టు కొట్టేసింది. ఆ కేసు వేసింది శ్రేయా సింఘాల్ అనే లా చదివే అమ్మాయి. అట్లని ఏది పడితే అది ఫార్వర్డ్ చెయ్యమని కాదు. మతాల మధ్య మంట పెట్టే వీడియో, ఎక్కడిదో ఎప్పటిదో తెలియని వీడియో పంపితే అది అభిప్రాయం కాదు, అగ్గిపుల్ల. మన పాతబస్తీలో దాని సంగతి ఒకరు చెప్పాల్సిన పని లేదు. కర్ఫ్యూలు చూసిన పెద్దమ్మలు మన మధ్యనే ఉన్నారు.

ఆడవాళ్ళ విషయంలో ఇంకోటి ఉంది. మగవాడు రాజకీయం మాట్లాడితే అతని మాటకు జవాబు చెప్తారు. ఆడమనిషి మాట్లాడితే ఆమె నడవడి గురించి చెప్తారు. "ఇంట్లో వంట కాలేదు గానీ మైకు కావాల్నా", "మొగుణ్ణి అదుపులో పెట్టుకోలేదు, ఊరిని బాగు చేస్తదట", ఇంకా అంతకంటే పాడు మాటలు. ఇది మగవాళ్ళు అంటే మనకు కోపం వస్తది. మనలో మనమే అంటున్నాం గదా! మొన్న నాలా గురించి అడిగిన ఆమెను కూడా ముందు అన్నది ఆడవాళ్ళే. నాలా పని అయ్యిందా లేదా అనేదానికి ఆమె భర్త తాగుతాడా లేదా అనేది జవాబు కాదు. ఆమె లెక్క తప్పైతే, "అక్కా, నీ లెక్క తప్పు, పని ఫలానా దాకా అయింది" అని చూపించాలె. అది జవాబు.

మన కంచన్‌బాగ్‌లో ఇది కొత్తగా నేర్చుకోవలసిన సంగతి కూడా కాదు. మిధాని, బీడీఎల్, డీఆర్‌డీఓ ఉండడం వల్ల ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్ళు ఇక్కడ ఉన్నారు. గుంటూరు వాళ్ళున్నారు, శ్రీకాకుళం వాళ్ళున్నారు, నల్గొండ, మహబూబ్‌నగర్ వాళ్ళున్నారు, తరతరాలుగా ఇక్కడే ఉన్న ఉర్దూ మాట్లాడే కుటుంబాలు ఉన్నయి. 2011లో సకల జనుల సమ్మె నడుస్తున్న రోజుల్లో పాత సంఘం ఒకదానిలో సగం మంది జై తెలంగాణ, సగం మంది సమైక్యం. పెద్దక్కలు ఇప్పటికీ చెప్పి నవ్వుతారు. మొదట పొదుపు కట్టాలె, తర్వాతనే కొట్లాడాలె అని వాళ్ళు నియమం పెట్టుకున్నారట. కొట్లాట అయినంక గుంటూరు వదిన తెచ్చిన పచ్చడి, నల్గొండ అక్క తెచ్చిన సకినాలు అందరూ తినేవాళ్ళట. రాష్ట్రం రెండు ముక్కలైంది గానీ ఆ సంఘం ఇప్పటికీ పదిమందితోనే ఉంది. 2020 జనవరిలో ధర్నాచౌక్ దగ్గర సీఏఏకు వ్యతిరేకంగా మిలియన్ మార్చ్ జరిగితే మన ఆపాలు చాలామంది పోయారు. ఆ చట్టం మంచిదే అనే సభ్యులు కూడా మనలో ఉన్నారు. అప్పుడు కూడా ఒకరి జామీను ఇంకొకరు ఆపలేదు. ఈ సంవత్సరం లోన్ దాకా ఎందుకు వచ్చింది అనేదే మా బాధ.

అందుకే కార్యవర్గం తరఫున మూడు తీర్మానాలు పెడుతున్నాం. సభ్యురాలు ఏ పార్టీ జెండా పట్టుకున్నా, ఎవరిని ఏం అడిగినా, లోన్‌కు దానికి సంబంధం ఉండొద్దు. ఎవరైనా బయటి నుంచి అట్ల కబురు పంపితే అది ఏ రోజు, ఎవరి ద్వారా వచ్చిందో మీటింగులో చదివి తీర్మానాల పుస్తకంలో రాయాలె. ఈ ఒక్క పని చేస్తే సగం కబుర్లు రావడం ఆగిపోతయి. రెండోది, ఏ తీర్మానానికైనా ఒప్పుకోని సభ్యురాలు ఉంటే ఆమె కారణాన్ని కూడా రాయాలె. ఇప్పుడు మన పుస్తకాల్లో "అందరూ ఏకగ్రీవంగా ఆమోదించారు" అని ప్రతి పేజీలో ఉంటది. పన్నెండు నెలలు, ప్రతి సంఘం, ప్రతిసారీ ఏకగ్రీవమేనా? అత్తాకోడళ్ళు ఒక్క కూర మీద ఏకగ్రీవం కారు.

మూడోది కష్టమైనది. పార్టీల మీటింగులకు, ర్యాలీలకు సంఘం పేరుతో జనాన్ని తోలుకుపోవడం, అక్కడ హాజరు తీసుకోవడం, రానివాళ్ళ పేర్లు రాసుకోవడం బంద్ కావాలె. ఏ పార్టీ వాళ్ళు పిలిచినా ఇదే మాట. పోవాలనుకున్నామె తన ఇష్టంతో పోవచ్చు, ఎవరూ ఆపరు. సంఘం రిజిస్టర్ మాత్రం అక్కడికి పోవద్దు. దీనికి కొన్ని సంఘాల లీడర్లు ఒప్పుకోవట్లేదని మాకు తెలుసు. "పోకపోతే కమ్యూనిటీ హాలు తాళం కూడా ఇయ్యరు, మీరు తెచ్చిస్తరా?" అని మొన్న ఒక లీడర్ అడిగింది. మంచి ప్రశ్న. మా దగ్గర పూర్తి జవాబు లేదు. అందుకే దీన్ని చప్పట్లతో పాస్ చెయ్యొద్దని అనుకున్నాం.

మైకు ఇప్పుడు మీ మధ్యకు పంపుతున్నాం. మూడో తీర్మానం వద్దు అనేవాళ్ళే ముందు మాట్లాడాలె, ఒక్కొక్కరికి ఐదు నిమిషాలు. మాట్లాడేటప్పుడు మధ్యలో ఎవరూ లేవొద్దు. ఉర్దూలో చెప్పేవాళ్ళు ఉర్దూలోనే చెప్పండి, మా ఆపా ఒకరు తెలుగులో చెప్తారు. ఇద్దరు ఆర్పీలు పుస్తకం పట్టుకుని కూర్చున్నారు, మీరు చెప్పింది చెప్పినట్టు రాస్తారు. వెనుక వరుసలో చెయ్యెత్తిన అక్కా, మీరే మొదలుపెట్టండి.